సగం సగం ఆట నేర్పినాయన

మొన్న మా మరిదిగారి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి భీమవరం వెళ్ళాను. భోజనాలయ్యాక షామియానా కింద మగవాళ్ళు పేక ముందేసుకుని కూర్చున్నారు. మా వాళ్ళలో అది అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నంత మామూలు. వాళ్ళలో రొయ్యల మేత వ్యాపారం చేసే దూరపు చుట్టం ఒకడు ఫోన్లో చూసి కొత్త ఆట నేర్పుతున్నాడు. పందెంలో సగం పెద్ద ముక్కలవాడికి, సగం చిన్న ముక్కలవాడికి. అంతవరకు బాగానే చెప్పాడు. "రెండూ నావే అని చెప్పి ఒకటి ఓడినా, గెలిచిన సగం మనకొచ్చేస్తుంది" అన్నాడు.

"రాదు" అన్నాను పక్క కుర్చీలోంచి. అందరూ తిరిగి చూశారు. రెండూ అన్నవాడు ఒక్కటి ఓడినా మొత్తం పోతుందనీ, తెలిస్తే చెప్పమనీ, లేకపోతే రమ్మీ ఆడుకోమనీ కసిరాను. ఇంట్లో పేక కనిపిస్తే పొయ్యిలో పడేసే మనిషిని నేను. అది చుట్టాలందరికీ తెలుసు. "మీకెవరు నేర్పారండి పెద్దమ్మగారూ?" అని వాడు నవ్వుతూ అడిగాడు. వాడికి చెప్పబుద్ధి కాలేదు, లేచి వచ్చేశాను. కారులో ఇంటికొస్తుంటే దారి పొడుగునా ఆయనే గుర్తొచ్చాడు.

ఆయన పేరు నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయను. డయాలసిస్ వార్డులో ఎవరినీ పేరు పెట్టి పిలవరు, మంచం నంబరుతో పిలుస్తారు. ఆయనది మూడు, నాది నాలుగు. ఆయనకి అవతల రెండో నంబరులో రిటైరైన లెక్కల మాస్టారు ఉండేవారు. మంగళ, గురు, శనివారాలు మాకు పొద్దుటి షిఫ్టు. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చితే నాలుగు గంటలపాటు ఆ చెయ్యి మనది కాదు. కాస్త కదిపితే మిషన్ గోల పెడుతుంది. ఒంట్లోని రక్తమంతా గొట్టాల్లోంచి బయటికొచ్చి, మిషన్‌లో కడిగించుకుని మళ్ళీ లోపలికి పోతుంటే చూస్తూ పడుకోవాలి. మొదటి నెల నేను గోడవైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను.

ఆయనది నరసాపురం అవతల, గోదావరి దాటితే వచ్చే చేపలవాళ్ళ పల్లె. తెల్లవారుజామున మొదటి పంటు పడవ ఎక్కి రేవు దాటి, అక్కడ ఆటో పట్టుకుని భార్యతో వచ్చేవాడు. పొట్టిగా, నల్లగా, ముంజేతి మీద పచ్చబొట్టుతో ఉండేవాడు. ఒకప్పుడు సరుకుల ఓడలో వంటవాడిగా పన్నెండేళ్ళు దేశాలు తిరిగాడట. వార్డులోకి రాగానే చెప్పులు మంచం కిందికి కాకుండా తలుపువైపు ముక్కులు తిప్పి పెట్టేవాడు. మంచం ఎక్కేముందు మిషన్ మీద చెయ్యి వేసి కాసేపు వినేవాడు. "ఇవాళ దీనికి జలుబు చేసిందండి" అనేవాడు. పావుగంటకల్లా అది అరవడం మొదలుపెట్టేది. టెక్నీషియన్‌కి అదొక వింత.

చనిపోయారు అనే మాట ఆయన నోట వినలేదు. మంచం ఖాళీ అయితే "దిగిపోయారండి" అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క అనేవాడు కాదు. తడి గుడ్డ కొస ఒకటి జేబులో పెట్టుకుని గంటకోసారి దాంతో పెదాలు అద్దుకునేవాడు. మాకు రోజంతటికీ కలిపి లీటరు నీళ్ళే, కూరా మజ్జిగా అన్నీ అందులోకే వస్తాయి. చుట్టూ కాలవలు, గోదావరి, సముద్రం ఉన్న మనుషులం, గ్లాసులో వేలెడు కొలత చూసుకుని తాగేవాళ్ళం.

రెండో నెలలో ఒకరోజు ఆయన జేబులోంచి నలిగిన పేక తీశాడు. నాకు ఒళ్ళు మండింది. మా నాన్న పేకలో ఒకసారి కాలవ పక్క చేను పందెం పెట్టి ఓడిపోయాడు. కాగితం లేదు, సంతకం లేదు, మర్నాడు కాదంటే అడిగే నాథుడు లేడు. అయినా పొద్దున్నే వెళ్ళి రాసిచ్చి వచ్చాడు. మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటే, ఆట మీద అన్న మాట తప్పితే ఊళ్ళో తలెత్తుకు తిరగలేనన్నాడు. ఆ చేను గట్టు మీదుగానే నేను బడికి వెళ్ళేదాన్ని. ఆ కథంతా ఆయనకి చెప్పి, అది లోపల పెట్టమని గట్టిగా అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. "డబ్బులు లేవండి అమ్మగారండి. తిండి పెట్టి ఆడదామండి" అన్నాడు.

తిండంటే తినేది కాదు, నోటిమాటే. మేము తినకూడనివన్నీ పందెం. ఒకరు కొబ్బరి బొండం పెడితే ఇంకొకరు దాని మీద ఆవకాయ పెట్టాలి. నేను పులస పులుసు పెడతాను, మాస్టారు పనసపొట్టు కూర. గెలిచినవాళ్ళు అది ఎలా వండాలో, ఎలా తినాలో వివరంగా చెప్పుకుంటూ తినాలి, మిగతావాళ్ళు వినాలి. మా దగ్గర బొండం ఇవ్వని ఇల్లుండదు. ఒంట్లో బాగాలేదంటే ముందు బొండమే కొడతారు. మాకేమో అది విషం, గుండె ఆగిపోతుందని డాక్టర్లు మొదటిరోజే చెప్పారు. అలాంటి బొండాన్ని ఆయన మాటలతో కొట్టి, మూతి దగ్గర పెట్టుకుని, మెడ మీదుగా కారనిస్తూ తాగేవాడు. మాస్టారు కళ్ళు మూసుకునేవారు. నేను నా గొంతు కదులుతుందని మొహం తిప్పుకునేదాన్ని.

ఆట ఆయన ఓడలో నేర్చుకున్నది. అక్కడ అయిదు ముక్కలతో ఆడతారట. ఒంటిచేత్తో అయిదు పట్టుకోలేమని మాకోసం మూడుకి తగ్గించాడు. ఆయన భార్య పేక కలిపి మూడేసి ముక్కలు పంచేది. వాటిని దుప్పటి మడతకి ఆనించి చూసుకునేవాళ్ళం. మూడూ ఒకే బొమ్మ అయితే అన్నిటికన్నా పెద్దవి, తర్వాత వరస, తర్వాత ఒకే రంగు, తర్వాత జత. ఏమీ లేకుండా రెండు, మూడు, అయిదు వేరు వేరు రంగుల్లో వస్తే అన్నిటికన్నా చిన్నవి. మామూలు ఆటలో అలాంటివి వస్తే తిట్టుకుంటూ పడేస్తారు. ఇందులో అవి కూడా గెలుస్తాయి.

అసలు సంగతి చివర్లో ఉంటుంది. పందెం అయ్యాక ఒక్కొక్కరూ కుడిచెయ్యి దుప్పటి కిందికి పోనిచ్చి, చింతగింజలు గుప్పెట్లో పట్టుకుని పైకి తియ్యాలి. ఏమీ లేకపోతే చిన్నదానికి వెళుతున్నట్టు, ఒక గింజ ఉంటే పెద్దదానికి, రెండుంటే రెండిటికీ. అందరూ ఒక్కసారే గుప్పిట విప్పాలి. పెద్దదానికి వెళ్ళినవాళ్ళలో పెద్ద ముక్కలవాళ్ళకి సగం, చిన్నదానికి వెళ్ళినవాళ్ళలో చిన్న ముక్కలవాళ్ళకి సగం. ఒకవైపు ఒక్కరే వెళితే ముక్కలు చూపించక్కర్లేదు, ఆ సగం వాళ్ళదే. ఆయన ఒక్కసారి కూడా రెండు గింజలు పట్టలేదు. ఎందుకయ్యా అంటే సగం చాలదా అమ్మగారండీ అనేవాడు.

ఆ ఏడాది పొద్దుటి షిఫ్టుల్లో నేను నవ్వాను. అది ఒప్పుకోకపోతే పాపం తగులుతుంది.

చలికాలం వెళ్ళాక మాస్టారు రాలేదు. శనివారం బాగానే ఉన్నారు, మంగళవారానికి ఆయన మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. మాకు భయం ఆ సందే. మిగతా రోజుల్లో ఒక్కరోజే ఎడం, శనివారానికీ మంగళవారానికీ మధ్య మాత్రం రెండు రోజులు. ఒంట్లో నీరు పెరిగి, ఊపిరితిత్తులకెక్కి, చాలామంది ఆ సోమవారమే పోతారు. "మాస్టారు దిగిపోయారండి" అన్నాడాయన, పేక తియ్యకుండా.

ఆ రోజే ఆయన భార్య నన్ను బాత్రూమ్ దగ్గర పట్టుకుంది. ఎండకి కాగిన మనిషి, ముంజేతుల నిండా చేప ముళ్ళ గాట్లు. ఆసుపత్రికి రాని రోజుల్లో తెల్లారకుండా రేవులో వేలంలో చేపలు పాడుకుని, ఊళ్ళు తిరిగి అమ్మి ఇల్లు నడిపేది ఆవిడే. తన కిడ్నీ ఒకటి మొగుడికిస్తానంటోంది. వైజాగ్‌లో పెద్దాసుపత్రిలో కార్డు మీద ఉచితంగా చేస్తారట, ముందు ఇద్దరికీ పరీక్షలు చెయ్యాలట. ఈయన ససేమిరా అంటున్నాడు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు, పల్లె పెద్దల ముందు, అందరిముందూ వద్దన్నాడు. "మీ మాటంటే ఆయనకి గురండి. మీరొక్కసారి చెప్పి చూడండి" అంది. నేను చెబుతానన్నాను.

చెప్పాను. మంగళవారం చెప్పాను, గురువారం చెప్పాను, వదల్లేదు. ఆయన తడిగుడ్డతో పెదాలద్దుకుని, నేను ఓడమీద ఉన్న పన్నెండేళ్ళూ అదే అంతా మోసిందండి, ఇంకా దాని ఒళ్ళు కోయించి తీసుకోమంటారా అన్నాడు. రేపు దానికేమన్నా అయితే బుట్ట ఎవరు మోస్తారన్నాడు. ఒంటి కిడ్నీతో హాయిగా బతుకుతారని డాక్టరుగారి చేత కూడా చెప్పించాను. ఆయ్ అన్నాడు, కదల్లేదు.

ఆ శనివారం ఆయన భార్య మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్ళింది. మా ఇద్దరి మంచాల మధ్య స్టూలు మీద కలిపిన పేక ఉంది. నాకు కోపం నషాళానికెక్కి ఉంది. ఆ కోపంలోనే అన్నాను, ఇవాళ తిండి వద్దు, ఈ ఆట నేను గెలిస్తే నువ్వు వైజాగ్ వెళ్ళి, పరీక్షలూ ఆపరేషనూ అన్నీ చేయించుకోవాలని.

"మరి నేను గెలిస్తేనండి?"

"నీ ఇష్టం."

"నేను గెలిస్తే మీరింక ఈ మాట ఎత్తకూడదండి. నేనుగా చెప్పేదాకా అసలు అడగకూడదు."

సరే అన్నాను. పేక స్టూలు మీద పరిచాడు, మూడేసి తీసుకున్నాం. నాకు రెండు రాణులు, ఒక తొమ్మిది వచ్చాయి. జత ఉన్నదాన్ని చిన్నదానికి ఎలాగూ వెళ్ళలేను. ఒక గింజ పట్టుకున్నాను. ఆయన కూడా గుప్పిట పైకి తీశాడు. ఒక్కసారే విప్పాం. ఆయన అరచేతిలో ఏమీ లేదు.

నేను పెద్దదానికి, ఆయన చిన్నదానికి. ముక్కలు చూపించే పని లేదు, పందెం సగం సగం. సగమంటే ఏంటో ఆయనే చెప్పాడు. "పరీక్షలవరకూ వెళతానండి, అది మీ సగం. ఆ తర్వాత మీరు అడగరు, ఇది నా సగం."

నేను గెలిచాననే అనుకున్నాను. ఒకసారి వైజాగ్ గుమ్మం తొక్కితే డాక్టర్లే చూసుకుంటారు, మిగతా సగం దానంతట అదే వస్తుందనుకున్నాను. ఇంటికొచ్చి మావారికి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. రెండుసార్లు వైజాగ్ వెళ్ళివచ్చారు. వచ్చిన మంగళవారం మంచమెక్కి, మిషన్ మీద చెయ్యి వేసి, నావైపు తిరిగి పడుకున్నాడు. అక్కడ ఆసుపత్రి చాలా పెద్దదన్నాడు. ఊఁ అన్నాను. గురువారం, అక్కడి డాక్టరుగారు మంచోరండి, నన్ను కూర్చోబెట్టి మాట్లాడారండి అన్నాడు. పోనీలే అన్నాను. నాలుక చివరిదాకా వచ్చింది, ఏమన్నారని అడగాలని. మాటిచ్చాను కదా అని మింగేశాను. ఇంకో వారం, మా ఇంటిది కొత్త సంచీ కొందండి వైజాగ్‌కి బట్టలు పెట్టుకోడానికి అని నవ్వి నా మొహం చూశాడు. నేను "ముక్కలు పంచు" అని ఆవిడకి చెప్పాను. ఆవిడ నన్నొకసారి చూసి పంచింది.

ఒట్టు, ఆ రోజుల్లో నన్ను చూసి నాకే గర్వంగా ఉండేది. నోరు కట్టేసుకోవడం నాలాంటి మనిషికి మాటలు కాదు. నాన్న చేను రాసిచ్చి వచ్చినరోజు ఎలా నిటారుగా నడిచాడో, నేనూ అలాగే వార్డులోకి నడిచేదాన్ని. నాన్నని జన్మంతా తిట్టుకున్నదాన్ని, ఆ బుద్ధే నాకొచ్చిందని అప్పుడు తోచలేదు.

ఎండలు ముదిరాయి. మే నెల గోదావరి జిల్లాల ఉక్కపోత గురించి నేను చెప్పక్కర్లేదు. లీటరు నీళ్ళతో ఆ ఎండ దాటాలి. ఆయన కాళ్ళు వాచాయి, బరువు చూసినప్పుడల్లా టెక్నీషియన్ కోప్పడేవాడు. ఒక శనివారం ఆట మధ్యలో ముక్కలు బోర్లా పెట్టి, "అమ్మగారండీ" అన్నాడు. ఏంటయ్యా అన్నాను. ఏం లేదండి, మీరు పందెం పెట్టిన కొబ్బరి మామిడి ఏ ఊరిదండి అన్నాడు. కొత్తపల్లిది అన్నాను.

మంగళవారం వెళ్ళేసరికి మూడో నంబరు మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు. సోమవారం మధ్యాహ్నం ఊపిరందక, పంటు కోసం రేవులో ఎదురుచూస్తూ పోయాడట.

కర్మలయ్యాక ఆయన భార్య ఆసుపత్రికి వచ్చింది, కాగితాలేవో కావాలట. నేను మంచం మీద ఉన్నాను, రెండు సూదులూ గుచ్చి ఉన్నాయి. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. బొట్టు లేని మొహం చూడలేక ఆవిడ చేతులవైపు చూస్తూ, పరీక్షల్లో ఏం చెప్పారని అడిగాను. అడిగే హక్కు అప్పటికి గానీ రాలేదు నాకు.

"అన్నీ కుదిరాయన్నారండి. ఎప్పుడొచ్చినా చేస్తామన్నారు."

"మరి ఒప్పుకోలేదా?"

"ఒప్పుకున్నాడండి" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని నెమ్మదిగా చెప్పింది. వైజాగ్ నుంచి వచ్చే రైల్లోనే ఒప్పుకున్నాడట. డాక్టరు చెప్పింది విన్నాక భయం పోయిందట, బతకాలని ఆశ పుట్టిందట. కానీ ఊరందరిముందూ వద్దన్న నోటితో, నాకు కావాలని తనంతట తను ఎలా అంటాడు? పెళ్ళాం కిడ్నీకి ఆశపడ్డాడని నవ్వరా? అమ్మగారు మళ్ళీ అడుగుతారు, ఎలాగూ వదిలే మనిషి కాదు, ఆవిడ పోరు పడలేక వెళుతున్నానని అందరికీ చెబుతాను అన్నాడట. ప్రతి మంగళవారం ఇంటికెళ్ళి, ఇవాళ కూడా అడగలేదే అనేవాడట. ఆవిడే నాకు చెబుతానంటే, పరువు తియ్యకని ఒట్టు పెట్టించుకున్నాడట.

"ఆయనకిచ్చిన మాట..." అని ఏదో చెప్పబోయాను. ఆట సంగతి, గుప్పిట సంగతి, సగం సగం సంగతి చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నది. ఆవిడకి అది తెలియదట, ఆయన చెప్పలేదట.

"మేము వేరేలా అనుకున్నామండి. మీకు విసుగొచ్చిందేమో, పెద్దింటివాళ్ళు ఎన్నిసార్లని అడుగుతారు మా గురించి అనుకున్నాం" అంది. తర్వాత నా వైపు వంగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఆటే కదండీ అది?"

మా ఇంట్లో విస్తరి ముందు కూర్చున్న ఏ మనిషీ చాలండి అంటే వదిలింది లేదు. చెయ్యి అడ్డం పెడితే చేతి మీదుగానే వడ్డిస్తాం. మొదటి వద్దుని వద్దనుకునే ఇల్లు ఈ గోదావరి జిల్లాల్లో ఉందా? మూడుసార్లు అడిగించుకుని గానీ మజ్జిగ కూడా పోయించుకోడు ఇక్కడి మనిషి. అది నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆ మనిషి వద్దన్నాడు. నావైపు తిరిగి పడుకుని, నోరు తెరిచి చెప్పలేక, డాక్టరు మంచోడని ఒకసారి, సంచీ కొన్నామని ఒకసారి, ఎన్నిరకాలుగా విస్తరి ముందుకి జరపాలో అన్నిరకాలుగా జరిపాడు. నేను పరువుగల పేకాటగాడి కూతుర్ని కదా, నోరు మూసుకుని కూర్చున్నాను.

ఏడుపొచ్చింది, గట్టిగానే ఏడ్చాను. ఎడమ చెయ్యి అదిరి మిషన్ అరిచింది, టెక్నీషియన్ పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ లేచి నా చెయ్యి కదలకుండా మంచానికి ఆనించి పట్టుకుంది. చేపల వాసన, ఉప్పు వాసన. మిషన్ సర్దుకునేదాకా అలాగే పట్టుకుని, ఊరుకోండమ్మగారండీ, ఊరుకోండి, మీ ఒంటికి మంచిది కాదు అంటూ నిలబడింది. మధ్యాహ్నం పంటు దాటిపోతుందని నేనే రెండుసార్లు చెప్పాను. పర్లేదండి అని కూర్చుంది. నేనింక మూడోసారి చెప్పలేదు.